హెడ్‌ఫోన్ కొంటున్నారా? అదురు కాదు, గొంతు వినండి

మండల కేంద్రంలోని ఏ సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్లినా తంతు ఒక్కటే. గాజు బల్ల మీద నాలుగైదు అట్టపెట్టెలు పరుస్తారు. కుర్రవాడు తన ఫోనులో తీన్‌మార్ దరువు పెట్టి, హెడ్‌ఫోన్ తీసి వచ్చినవారి చెవులకు తగిలించి, "బేసు చూడండి బాబాయ్, గుండె అదిరిపోవాలి" అంటాడు. నిజంగానే అదురుతుంది. బేరం కుదురుతుంది. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద నడుము వాల్చి ఘంటసాల పాట పెట్టుకున్నప్పుడు గాని అసలు సంగతి తెలియదు. గొంతు కుండలో నుంచి వస్తున్నట్లు వుంటుంది. వీణ ఎక్కడో గోడ అవతల మోగుతున్నట్లు వుంటుంది. మాట తెలియడం కోసం సౌండు పెంచుతారు. పెంచినకొద్దీ దరువు పెరుగుతుంది తప్ప మాట తేటపడదు.

డబ్బు పోవడం ఒక ఎత్తు, చెవి పోవడం ఇంకొక ఎత్తు. మంచి రకం, నాసి రకం అనే తేడా పాట అందానికి సంబంధించినదేనని చాలామంది అనుకుంటారు. అంతవరకే అయితే ఇంత చర్చ అక్కరలేదు. తక్కువ సౌండులో మాట తేటగా వినిపించే హెడ్‌ఫోన్ దొరికినవారికి సౌండు పెంచవలసిన పని పడదు. మాట తెలియని హెడ్‌ఫోన్ దొరికినవారు పెంచుతూనే పోతారు. నాలుగు దుకాణాలు తిరిగి మంచిది ఏరుకోవడంలో వున్న లాభం ఇదే.

పంచాయతీ రేడియో ముందు వూరంతా చేరి విన్న రోజులు వెళ్లిపోయాయి. ఇప్పుడు రెండు గదుల ఇంట్లో ఒకరికి పాట కావాలి, ఒకరికి టీవీ సీరియల్ కావాలి, ఒకరికి పరీక్షల చదువు. తెల్లవారుజామున పాలు పితకడానికి లేవవలసినవారికి నిద్ర కావాలి. ఇటువంటి ఇళ్లు ప్రతి వూళ్లోనూ వున్నాయి. కనుక హెడ్‌ఫోన్‌ను పట్నవాసుల షోకు అని కొట్టిపారేయడానికి వీలులేదు. ఇంట్లో తగాదా లేకుండా చేసే వస్తువు అది.

లోపల వున్నది ఏమిటి?

హెడ్‌ఫోన్ అంటే చెవి దగ్గర పెట్టుకునే చిన్న స్పీకరు. అందులో ఒక అయస్కాంతం, సన్నని తీగచుట్ట, దానికి అంటించిన పలుచని పొర వుంటాయి. పాట కరెంటు రూపంలో తీగచుట్టలోకి రాగానే అది ముందుకు వెనక్కు కదులుతుంది. దానితో పాటు పొర కదిలి గాలిని కదుపుతుంది. అదే మనకు వినిపించే శబ్దం. చెవిని కప్పే పెద్ద రకాలలో ఈ పొర సాధారణంగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు వుంటుంది. వెడల్పు ఎక్కువైతే సౌండు మంచిదని అమ్మేవారు చెబుతారు. ఇది ఉత్త మాట. మృదంగం కొనేవారు మూత ఎంత పెద్దదని అడగరు, ఎలా బిగించారని చూస్తారు. ఇక్కడా అంతే. పొర తయారీ, దాన్ని అమర్చిన గుల్ల మలుపు, చెవి చుట్టూ ఆనే మెత్త, ఈ మూడూ కుదిరితేనే పాట పాటలాగా వినిపిస్తుంది.

అట్టపెట్టె మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. మనిషి చెవి వినగల హద్దులు అవి. సంతలో వంద రూపాయలకు అమ్మేదాని మీద కూడా అదే అంకె వుంటుంది. ఆ హద్దుల మధ్య ఏ స్థాయి స్వరం ఎంత హెచ్చుగా, ఎంత తగ్గుగా వస్తుందో చెప్పని అంకె కొనేవాడికి ఎందుకూ పనికిరాదు. పైగా వయసు మళ్లినకొద్దీ ఆ పై హద్దు మనిషికి దానంతట అదే కిందికి దిగుతుంది.

చూడవలసిన అంకె వేరే వుంది. దాన్ని ఓములలో చెబుతారు. బండి బరువు ఎంత, లాగే ఎద్దు బలం ఎంత అనే లెక్క లాంటిది ఇది. 16 నుంచి 32 ఓముల రకాన్ని మామూలు సెల్‌ఫోను తేలికగా లాగుతుంది. 250, 300 ఓముల రకాలకు చాలా ఫోన్ల బలం చాలదు. ఆంప్లిఫయరు విడిగా కొనవలసి వస్తుంది. జర్మనీకి చెందిన బేయర్‌డైనమిక్ వారి డీటీ 770 ప్రో అనే రకం 32, 80, 250 ఓములు మూడింటిలోనూ తయారైంది. పేరు ఒక్కటే, రూపం ఒక్కటే. ఫోనుకు పెట్టుకునేవారు తెలియక 250 ఓములది తెచ్చుకుంటే పాట పీలగా వస్తుంది. హెడ్‌ఫోన్ పాడైందని తిట్టుకుంటారు. దానిలో లోపమేమీ లేదు, జోడీ కుదరలేదు అంతే.

మూత రకమా? జల్లి రకమా?

చెవి రంధ్రంలో దూర్చేవి, చెవి మీద ఆనేవి, చెవిని మొత్తం కప్పేవి అని హెడ్‌ఫోన్లు మూడు విధాలు. ప్రయాణానికి మొదటి రకం సుఖమే. ఇంట్లో గంటసేపు కూర్చుని వినేవారికి మూడవదే మేలు. చెవి నలగదు, రంధ్రంలో ఒరిపిడి వుండదు, శబ్దం కూడా కొంత ఎడంగా వున్నట్లు వినిపిస్తుంది.

చెవిని కప్పేవాటిలో మళ్లీ రెండు రకాలు. గుల్ల వెనుకభాగం మూసివున్నది క్లోజ్డ్ బ్యాక్. వెనుక జల్లెడ మాదిరి చిల్లులు వున్నది ఓపెన్ బ్యాక్. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ కంపెనీ తెచ్చిన హెచ్‌డీ 414తో ఈ జల్లి రకం బజారుకెక్కింది. జల్లి రకంలో పాట తల లోపల కాకుండా చుట్టుపక్కల నుంచి వస్తున్నట్లు విశాలంగా వుంటుంది. కచేరీలు వినేవారు దీనినే ఇష్టపడతారు. అయితే లోపలి పాట బయటికి, బయటి మోత లోపలికి ధారాళంగా వస్తాయి. పక్క మంచం మీద పడుకున్నవారికి సన్నగా పాట వినపడుతూనే వుంటుంది. అంటే తగాదా తీరదు.

మన ఇళ్లలో సీలింగు ఫాను తిరుగుతూ వుంటుంది. వంటింట్లో కుక్కరు కూత, వీధిలో ట్రాక్టరు, పక్కింట్లో టీవీ. ఈ రొదలో చాలామందికి మూత రకమే తగినది. బయటి మోత కొంత ఆగుతుంది గనుక సౌండు తక్కువలోనే సరిపోతుంది. పల్లె ఇంట్లో ఒక చిక్కు మాత్రం వుంది. మూత రకం పెట్టుకున్నవారికి గడపలో ఎవరు పిలిచినా వినపడదు. ముసలివారు, పసిపిల్లలు వున్న ఇంట్లో ఒంటరిగా వున్నప్పుడు జల్లి రకమే క్షేమం. లేదా ఒక చెవి వదిలిపెట్టి వినాలి.

ఎండాకాలం గురించి అమ్మేవారు చెప్పరు. నకిలీ తోలు మెత్తలు చెవి చుట్టూ చెమట పట్టిస్తాయి. చెమటకు, వుక్కకు ఒకటి రెండేళ్లలో పొట్టు లేచి నల్లటి పేడులు మెడ మీద రాలతాయి. గుడ్డ మెత్తలు చల్లగా వుంటాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. కాకపోతే అవి బయటి మోతను తోలు అంతగా ఆపవు. ఏ మెత్త అయినా సరే, వూడదీసి కొత్తది వేసుకునే వీలు వున్నదా అని కొనకముందే అడగాలి. వైరు కూడా అంతే. ఇంట్లో వాడే హెడ్‌ఫోన్ ముందుగా పాడయ్యేది వైరు దగ్గరే. గుల్ల నుంచి వూడివచ్చే వైరు అయితే తెగినప్పుడు వైరు మాత్రమే మార్చుకోవచ్చు.

ఈ విషయంలో పాతవాటిని చూసి నేర్చుకోవలసింది వుంది. అమెరికాలో కాస్ కంపెనీ 1958లో స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చింది. అదే కంపెనీ 1984లో చేసిన పోర్టాప్రో ఇప్పటికీ అదే రూపంలో అమ్ముడవుతున్నది. సోనీ వారి ఎండీఆర్-7506 వచ్చింది 1991లో. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వచ్చింది 1997లో. రికార్డింగు స్టూడియోలలో, పాటల ప్రియుల ఇళ్లలో ఇవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఏటా కొత్త పేరు, కొత్త రంగు వేసుకుని వచ్చేదే గొప్పదని అనుకోనక్కరలేదు. ఇవన్నీ కొనమని కాదు. హెచ్‌డీ 600 ధర చిన్న రైతుకు ఒక పంట పెట్టుబడి అంత వుంటుంది. పైగా అది 300 ఓముల రకం. మెత్తలు మార్చుకుంటూ దశాబ్దాలు వాడే వీలు వున్నదే మంచి సరుకు అని గుర్తుపట్టడానికి ఈ పేర్లు.

దుకాణంలో పరీక్ష

పరీక్ష చేయకుండా హెడ్‌ఫోన్ కొనడం పిడికెడు గింజ చేతిలోకి తీసుకుని చూడకుండా విత్తనం కొనడం వంటిది. దుకాణదారు ఫోను వద్దు, ఎవరి ఫోను వారు తీసుకెళ్లాలి. కంఠతా వచ్చిన పాటలు మూడు అందులో వుండాలి. ఒకటి గొంతు ప్రధానంగా వున్నది. ఒకటి మృదంగం, వీణ వున్నది. మూడవది వాద్యాలు అనేకం కలిసి మోగేది. ఫోనులో బేసు బూస్ట్ వంటివి వుంటే ముందుగా తీసివేయాలి.

మొదట సౌండు సగానికి తక్కువలో పెట్టి గొంతు పాట వినాలి. స, శ, ష అక్షరాలు విడివిడిగా తెలుస్తున్నాయా? ఆ అక్షరాలు వచ్చినప్పుడు సూదితో పొడిచినట్లు వుంటే అది కూడా మంచిది కాదు. పాడేవారు వూపిరి తీసుకోవడం వినపడితే సంతోషించవచ్చు. మృదంగంలో ఎడమ మూత గుంభనంగా, కుడి మూత తేటగా వేరువేరుగా పలకాలి. రెండూ కలిసి ధబధబమంటే ఆ పెట్టెను వెనక్కు నెట్టివేయాలి. రెండు రకాలను పోల్చేటప్పుడు రెండింటి సౌండు సమంగా వుండేటట్లు చూసుకోవాలి. ఎక్కువ సౌండు వచ్చినదే మంచిదని చెవి మోసపోతుంది. ఈ కిటుకు అమ్మేవారికి బాగా తెలుసు.

పాత పాటల వారికి ఒక సులువైన పరీక్ష వుంది. 1950, 60 దశకాలలో వచ్చిన తెలుగు సినిమా పాటలు మోనో రికార్డింగులు. అంటే రెండు చెవులకూ ఒకే శబ్దం వెళుతుంది. మంచి హెడ్‌ఫోన్‌లో ఆ గొంతు సరిగ్గా నుదుటి మధ్య నిలబడాలి. ఒక పక్కకు లాగుతున్నట్లు వుంటే హెడ్‌ఫోన్ తిప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టుకుని చూడాలి. గొంతు కూడా పక్క మారితే లోపం హెడ్‌ఫోన్‌ది, లేదా ఫోనుది. తిప్పినా గొంతు మొదటి పక్కనే వుండిపోతే లోపం వస్తువుది కాదు. రెండవ చెవి తక్కువ వింటున్నదని అర్థం. అది గుబిలి కావచ్చు, మరేదైనా కావచ్చు. అప్పుడు వెళ్లవలసింది ఇంకొక దుకాణానికి కాదు, చెవి డాక్టరు దగ్గరికి. పుల్లలు, పిన్నీసులు పెట్టి కెలుకుకోవడం ప్రమాదం.

పాట ఫైలు నాసిదైతే ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ కూడా దాన్ని బాగుచేయలేదు. చేతులు మారి మారి వాట్సప్‌లో వచ్చిన పాట అప్పటికే నలిగి వుండవచ్చు. మంచి హెడ్‌ఫోన్ ఆ నలుగుడును ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. కొత్తది కొన్నాక పాట పాడైందని కొందరు వాపోవడానికి కారణం ఇదే. పాటల యాప్‌లో సౌండు నాణ్యత హెచ్చుగా పెట్టుకునే ఏర్పాటు వుంటుంది, అది చూసుకోవాలి.

చివరగా పది పదిహేను నిమిషాలు తల మీద వుంచుకోవాలి. రెండు నిమిషాలలో తెలియని నొప్పి పావుగంటలో తెలుస్తుంది. కళ్లజోడు వున్నవారు జోడుతోనే చూడాలి. జోడు కాడ దగ్గర మెత్త ఎత్తుకుపోతే బేసు కూడా ఆ సందులో నుంచి జారిపోతుంది.

ఇన్ని చేయడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే ఇంకొక దుకాణం చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారికి ఈ పరీక్ష వీలులేదు గనుక వాపసు ఇచ్చే గడువు ఎన్ని రోజులో ముందే చదువుకోవాలి. సరుకు రాగానే పైవన్నీ ఇంట్లో చేసి చూడాలి. పేరున్న కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మే సరుకు సంతలోనూ వుంది, ఆన్‌లైన్‌లోనూ వుంది. సగం ధరకు వస్తున్నదంటే అనుమానించవలసిందే. బిల్లు లేకుండా గ్యారంటీ లేదు.

వైరా? బ్లూటూతా?

ఒకప్పుడు ప్రతి ఫోనుకూ హెడ్‌ఫోన్ పిన్ను పెట్టే రంధ్రం వుండేది. 2016లో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7లో దాన్ని తీసివేసింది. తరువాత మిగతా కంపెనీలు అనేకం అదే దారి పట్టాయి. మంచి వైరు హెడ్‌ఫోన్ కొని ఇంటికి వచ్చాక పిన్ను పెట్టడానికి చోటు లేదని తెలిసి తెల్లమొహం వేసేవారు వున్నారు. ఛార్జింగు రంధ్రానికి పెట్టుకునే చిన్న తోక వైరు దీనికి దొరుకుతుంది. అందులోనూ రెండు రకాలు. శబ్దాన్ని మార్చే చిప్పు లోపల వున్నది చాలా ఫోన్లకు పనిచేస్తుంది. చిప్పు లేని చవక రకం కొన్ని ఫోన్లకే పనిచేస్తుంది. కాబట్టి దుకాణంలోనే సొంత ఫోనుకు తగిలించి పాట వచ్చిందని చూసి డబ్బు ఇవ్వాలి.

బ్లూటూత్‌లో వైరు బాధ లేదు, పని చేసుకుంటూ వినవచ్చు. ఖరీదైన రకాలు పాటను బాగానే పలికిస్తున్నాయి కూడా. కాని ఒకే ధర పెట్టినప్పుడు వైరు రకంలో డబ్బంతా శబ్దానికే పోతుంది. బ్లూటూత్ రకంలో బ్యాటరీకి, చిప్పుకు, మైకుకు పంచుకోవాలి. బ్యాటరీ కొన్నేళ్లకు బలం తగ్గుతుంది. చాలావాటిలో దాన్ని మార్చే వీలుండదు. పొర, అయస్కాంతం నిక్షేపంగా వున్నా వస్తువును పారేయవలసిందే. టీవీకి పెట్టుకునేవారికి ఇంకొక తిరకాసు వుంది. కొన్ని బ్లూటూత్ రకాలలో శబ్దం కొద్దిగా ఆలస్యంగా వస్తుంది. పెదవులు ముందు కదులుతాయి, మాట తరువాత వస్తుంది. మంచం పక్కనో, కుర్చీలోనో కూర్చుని పాట వినేవారికి వైరు రకంలోనే గిట్టుబాటు.

చెవికి రెండో జత లేదు

చెవి లోపల నత్తగుల్ల వంటి భాగంలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుక కణాలు వుంటాయి. ఒక్కొక్క చెవిలో సుమారు పదిహేను వేలు. హెచ్చు శబ్దానికి ఇవి నలిగి చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. నొప్పి వుండదు, నెత్తురు కారదు. కనుక పోతున్న సంగతి తెలియదు. చెవిలో గుయ్‌మనే మోత, నలుగురిలో వున్నప్పుడు మాట తెలియకపోవడం తొలి గుర్తులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్స్. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగితే వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు. ఇలా దిగుతూ పోయి 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి వారం మొత్తానికి మిగిలేది 20 నిమిషాలే. చాలా ఫోన్లు పూర్తి సౌండులో ఆ మట్టాన్ని అందుకోగలవు. వంద కోట్లకు పైగా యువతీయువకులు ఇలా వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో వున్నారని ఆ సంస్థ హెచ్చరించింది. ఇంట్లో కొలత పరికరం వుండదు గనుక ఒక గుర్తు పెట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవారికి చేయిచాపు దూరంలో మామూలుగా మాట్లాడితే వినపడకపోతే, వారి చెవిలోని పాట పక్కవారికి స్పష్టంగా వినిపిస్తే సౌండు ఎక్కువైనట్లే. జల్లి రకానికి ఈ రెండవ గుర్తు వర్తించదు. ఈ మధ్య ఫోన్లలో సౌండు ఒక హద్దు దాటకుండా కట్టడి పెట్టే ఏర్పాటు వస్తున్నది. పిల్లల చేతికి ఇచ్చేముందు అది పెట్టి ఇవ్వాలి.

రాత్రి చెవుల్లో పెట్టుకుని నిద్రపోవడం కొందరికి అలవాటు. పాట ఆగదు, చెవికి విశ్రాంతి వుండదు. కొన్ని ఫోన్లలో అలారం పెట్టే చోట వుండే టైమరుతో అరగంటకు పాట ఆగేటట్లు పెట్టుకోవచ్చు. రైలుకట్ట మీద, రోడ్డు మీద వీటిని పెట్టుకుని నడిచేవారి సంగతి వేరే చెప్పనవసరం లేదు.

ముసలి తండ్రికి వినపడడం లేదు, టీవీ సౌండుతో ఇల్లు దద్దరిల్లుతున్నదని మంచి హెడ్‌ఫోన్ కొనిచ్చే కొడుకులు వున్నారు. ప్రేమ మంచిదే. అయితే ముందుగా చెవి పరీక్ష చేయించాలి. వయసుతో తగ్గిన చెవికి కావలసింది మొత్తం శబ్దాన్ని పెంచడం కాదు, ఏ స్వరం తగ్గిందో దాన్ని పెంచడం. ఆ పని వినికిడి యంత్రానిది. హెడ్‌ఫోన్‌లో సౌండు పెంచి పెట్టుకుంటే మిగిలిన వినికిడి కూడా కరిగిపోతుంది. పరీక్ష అయ్యాక, డాక్టరు సరేనన్నాక, టీవీకి తగిలించే హెడ్‌ఫోన్ ఇంటిల్లిపాదికీ సుఖమే.

కొన్నాక పెద్ద పోషణ అక్కరలేదు. మెత్తలను వారానికోసారి కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. వైరును చేతి చుట్టూ బిగించి చుట్టకూడదు, పలుపు చుట్టినట్లు వదులుగా చుట్టాలి. పిన్ను లాగేటప్పుడు వైరు పట్టుకుని లాగితే లోపలి తీగ తెగి ఒక చెవి మూగపోతుంది. అలా అయినా వెంటనే పారేయనక్కరలేదు. రేడియోలు బాగుచేసే మెకానిక్కులు పట్నంలో ఇంకా అక్కడక్కడా వున్నారు. పిన్ను దగ్గర తెగినదైతే కొత్త పిన్ను అతికించి తక్కువ ఖర్చుతోనే చేసి ఇస్తారు.